పాత ఫోటోల రిపేరు: ఏఐ యాప్‌లు, ఫోటోషాప్, బందరు స్టూడియో, అన్నీ వాడి చూశాక నా రివ్యూ

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తా. గీతలు, మడతలు, దుమ్ము, మరకలు, వెనకాల గోడ, చీర కుచ్చిళ్ళు, వీటన్నిటికీ ఏఐ టూల్స్ అదిరిపోయాయి, చాలావాటికి డబ్బులు కూడా పెట్టక్కర్లేదు. మొహం దగ్గరికొచ్చేసరికి మాత్రం వాటిని నమ్మొద్దు, మొహానికి మనిషి చెయ్యే పడాలి, అది మీదైనా సరే స్టూడియో ఆయనదైనా సరే. ఫోన్ యాప్‌లు, కంప్యూటర్‌లో నెట్ లేకుండా నడిచేవి, ఫోటోషాప్, ఆఖరికి బందరులో ఒక పాత స్టూడియో, అన్నీ అయ్యాక రాస్తున్నా కాబట్టి కొంచెం పొడుగే ఉంటుంది.

బాగుచెయ్యాల్సినవి మూడు ఫోటోలు. మొదటిది మా అమ్మమ్మ వాళ్ళ గ్రూప్ ఫోటో, అరవైల చివర్లో స్టూడియోలో తీయించుకున్నది, వెనక పరదా మీద మెట్లు, స్తంభాలు, పూలకుండీ పెయింటింగ్, ముందు కుర్చీల్లో తాతయ్య అమ్మమ్మ, చుట్టూ పిల్లలు, అందరూ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డట్టు ఉంటారు. వాళ్ళది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెనకి ఇంట్లోకి నీళ్ళొస్తే ఈ ఫ్రేము గోడకి బాగా పైన వేలాడుతోంది కాబట్టి కింద సగమే తడిసింది. ఆ వైపు చాలా ఇళ్ళల్లో అంతకుముందు ఫోటో అంటూ ఒక్కటి కూడా మిగల్లేదు, అందుకే ఇది మా వాళ్ళకి అంత అపురూపం. రెండోది అమ్మానాన్నల పెళ్ళి కలర్ ఫోటో, 1983ది, ఇప్పుడు మొత్తం ఎర్రగా అయిపోయింది. మూడోది మా ముత్తాతది, పాస్‌పోర్ట్ సైజు, ఆయనది లోకంలో ఉన్న ఫోటో అదొక్కటే.

స్కానింగ్ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ అయినా స్కాన్ చెత్తగా ఉంటే చేసేదేం లేదు. మన ఫ్యామిలీ గ్రూపుల్లో జరిగేదేంటంటే ఎవరో ఫ్రేముని గోడ మీద ఉండగానే ఫోన్‌తో ఫోటో తీస్తారు, అందులో ట్యూబ్‌లైటు మెరుస్తూ ఉంటుంది, తీసినవాళ్ళ నీడ కూడా ఉంటుంది, దాన్ని వాట్సాప్‌లో పెడతారు, అది సైజు తగ్గించి కుదించేస్తుంది, అక్కణ్ణుంచి ఇంకొకరు సేవ్ చేసి యాప్‌లో పెట్టి "ఏఐ ఏం బాలేదు" అంటారు. ఫోన్ తప్ప ఇంకేం లేదంటే గూగుల్ వాళ్ళ ఫోటోస్కాన్ యాప్ వాడండి, ఒకే ఫోటోని కొంచెం కొంచెం జరిపి నాలుగైదు షాట్లు తీయించి మెరుపు లేకుండా కలుపుతుంది, ఉచితమే. పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటోగా కాదు.

స్కానర్ ఉంటే ప్రింట్లకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) సరిపోతుంది, ఆరు ఇంటూ నాలుగు అంగుళాల ఫోటో 3600 ఇంటూ 2400 పిక్సెళ్ళు వస్తుంది, టిఫ్‌లో (జేపెగ్‌లా నాణ్యత తగ్గించని ఫైలు రకం) సేవ్ చెయ్యండి. ముత్తాత ఫోటో లాంటి చిన్నవాటికి 1200 పెట్టా. బ్లాక్ అండ్ వైట్ ఫోటో అయినా సరే కలర్‌లోనే స్కాన్ చెయ్యండి, ఇది నాకు చాలా పనికొచ్చిన చిట్కా. పసుపు మరక నీలం వెలుతుర్ని మింగేస్తుంది, ఎరుపుని పెద్దగా ఆపదు, అందుకే ఫోటోషాప్‌లో ఛానెల్స్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని విడివిడిగా చూపించేవి) తెరిచి చూస్తే బ్లూ ఛానెల్‌లో మరక నల్లగా ఉంటుంది, రెడ్ ఛానెల్‌లో దాదాపు కనిపించదు. ఆ రెడ్ ఛానెల్ ఒక్కటే తీసుకుంటే ఉప్పెన నీటి మరక సగం పైన దానంతటదే పోయింది, ఏఐ లేదు, బ్రష్ లేదు, ఏమీ లేదు.

గ్రూప్ ఫోటోతో వచ్చిన చిక్కు వేరే. తడిసిన చోట ప్రింటు అద్దానికి అతుక్కుపోయింది. పాత బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లలో వెండి రేణువులు ఉండేది జెలటిన్ పొరలో, అది తడిస్తే ఉబ్బి జిగురైపోతుంది, ఆరాక అద్దాన్ని పట్టేసుకుంటుంది. మా మావయ్య బ్లేడుతో మెల్లగా లాగేద్దాం అన్నాడు, ససేమిరా వద్దన్నాం, లాగితే మొహాలు అద్దం మీదే ఉండిపోతాయి, కాగితం మన చేతిలోకొస్తుంది. అద్దంతో పాటే కాపీ తియ్యాలి. ఇంట్లో ఉన్న కానన్ లైడ్ 300 లాంటి పల్చటి స్కానర్లు, గాజుకి ఆనుకుని ఉన్నదాన్నే స్పష్టంగా చూస్తాయి, మధ్యలో ఫ్రేము అద్దం మందం వచ్చేసరికి మసకబారుతుంది. అందుకని దాన్ని నేల మీద పెట్టి పైనుంచి కెమెరాతో తీశాం, రెండు వైపులా 45 డిగ్రీల వాలులో రెండు లైట్లు, కెమెరా వెనక నల్ల దుప్పటి కట్టి, అప్పుడు అద్దంలో మన ప్రతిబింబం పడదు.

ఇక అసలు సంగతి, ఏఐ.

ముందు ఒక పేరున్న ఫోన్ యాప్‌లో పెట్టా, వారం ఫ్రీ ట్రయల్ తర్వాత డబ్బులు లాక్కునే రకం, పేరు ఎందుకులే. ఒక్క నొక్కుతో అయిపోయింది, చూడగానే ఎవరైనా అబ్బా అంటారు, అంత క్లియర్‌గా ఉంది. ఫ్యామిలీ గ్రూపులో పెడితే పిల్లలంతా హార్ట్‌లు కొట్టారు. మా పెద్దమ్మ ఒక్కత్తే ఫోన్ చేసి "ఎవర్రా వీళ్ళు" అంది. నిజమే, జూమ్ చేసి చూస్తే తాతయ్య నుదుటి మీద నామం లేదు. నిలువుగా తెల్లగా ఉంది కదా, గీత అనుకుని తుడిచేసింది. అమ్మమ్మకి బొట్టు లేదు, మరక అనుకుంది కాబోలు, ముక్కుపుడక పోయి అక్కడ ఒక చిన్న మెరుపు మిగిలింది. పెదాలు మూసుకుని ఉన్న పిన్నికి పళ్ళు వచ్చాయి. అరవైల్లో దివిసీమ ఆడమనిషి ఫోటోలో బొట్టు తీసేస్తే దానర్థం ఏమవుతుందో మనకి చెప్పక్కర్లేదు, పక్కనే మొగుడు కూర్చునున్నాడు మరి. యాప్‌కి అదేం తెలుస్తుంది.

ఇలా ఎందుకవుతుందో కొంచెం చదివా. ఈ యాప్‌లు చాలావాటి లోపల నడిచేది జీఎఫ్‌పీగాన్ లాంటి మొహాలు బాగుచేసే ఏఐ మోడలో దాని తమ్ముళ్ళో. అది 2021లో చైనా కంపెనీ టెన్సెంట్ వాళ్ళ రీసెర్చ్ గ్రూపు నుంచి వచ్చింది, ఫ్రీగా అందరికీ ఇచ్చారు. మొహం అంటే ఎలా ఉండాలో అది నేర్చుకున్నది ఎఫ్ఎఫ్‌హెచ్‌క్యూ అనే ఫోటోల గుట్ట నుంచి, ఫ్లికర్ సైట్‌లో జనం పెట్టుకున్న 70,000 మొహాలు అవి. ఇప్పటి డిజిటల్ కెమెరా ఫోటోలు, ఎక్కువగా నవ్వుతున్న మొహాలు. అందులో నామాలు పెట్టుకున్న రైతులు, బేసరి పెట్టుకున్న అమ్మమ్మలు ఎంతమంది ఉంటారు చెప్పండి. మీ ఫోటోలో మొహం యాభై అరవై పిక్సెళ్ళే ఉంటే, అది 512 పిక్సెళ్ళ మొహం చేసిస్తుంది, ఆ మిగతా అంతా ఎక్కణ్ణుంచి వస్తుంది? తనకి తెలిసిన మొహాల నుంచే తెచ్చి అతికిస్తుంది. అంటే అది రిపేర్ కాదు, మీ తాతయ్యకి కొంచెం దగ్గరగా ఉండే ఇంకో మనిషిని గీసివ్వడం.

చాట్‌లో ఫోటో పెట్టి "దీన్ని రిస్టోర్ చెయ్యి" అని అడిగే కొత్త రకం టూల్స్ ఇంకా తెలివైనవి, అది ఒప్పుకోవాలి. "బొట్టు ఉంచు, నామం ఉంచు" అని మాటల్లో చెప్తే వింటాయి, చినిగిన మూల కూడా భలే పూర్తి చేస్తాయి. కానీ అవి ఫోటోని దిద్దవు, మొత్తం మళ్ళీ కొత్తగా గీస్తాయి. మొదటిసారి మొహం తొంభై శాతం ఉంటుంది, ఇంకో మార్పు అడిగితే ఇంకొంచెం జారిపోతుంది, అలా అడుగుతూ పోతే చివరికి సీరియల్ నటుడిలా ఒకాయన పంచె కట్టుకుని కూర్చుంటాడు. పైగా కుర్చీ చెక్కుడు డిజైను మారిపోయింది, వెనక పరదా మీద మెట్లు నిజం మెట్లయిపోయాయి! ఆ పరదా పెయింటింగే కదా ఫోటోకి అందం.

అలా అని అన్నీ తీసిపారెయ్యను. నాకు బాగా నచ్చింది అప్‌స్కేల్, కంప్యూటర్‌లో నడిచే ఫ్రీ సాఫ్ట్‌వేర్, రియల్ ఈఎస్ఆర్‌గాన్ అనే మోడల్ మీద పనిచేస్తుంది, గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలు, ఫోటో మన మెషీన్ దాటి ఎక్కడికీ పోదు. ఇంట్లో ఆడవాళ్ళ, చిన్నపిల్లల ఫోటోలు ఏ దేశం సర్వర్‌కో ఎక్కించడం ఇష్టం లేనివాళ్ళకి ఇది పెద్ద ఊరట. సైజు పెంచడానికి వాడా, చీర అంచు, కుర్చీ, గడియారం గొలుసు చక్కగా వచ్చాయి. మొహాలకి కోడ్‌ఫార్మర్ ఒకటుంది, 2022ది, సింగపూర్‌లోని నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీ వాళ్ళది, దాంట్లో ఒక స్లైడర్ ఇచ్చారు, సున్నా వైపు లాగితే మొహం నున్నగా అందంగా వస్తుంది, ఒకటి వైపు లాగితే అసలు ఫోటోకి కట్టుబడి ఉంటుంది, అందం తగ్గినా మనిషి మనిషిలా ఉంటాడు. ఈ స్లైడర్ పెట్టినవాళ్ళకి దండం పెట్టాలి, ఎందుకంటే అక్కడ జరుగుతున్న బేరం ఏంటో దాచకుండా చూపించారు. నేను ఒకటికి దగ్గరగా పెట్టి, వచ్చినదాన్ని కూడా ఫోటోషాప్‌లో అసలు ఫోటో మీద పొరలా వేసి ముప్పై శాతం కనపడేలా మాత్రమే ఉంచా, దాని మీద మాస్క్ (పొరలో ఏ భాగం కనపడాలో, ఏది దాగాలో చెప్పే ముసుగు) పెట్టి నుదురు, ముక్కు, నోరు దగ్గర తుడిచేశా. అప్పుడు చెంపలు, మెడ, జుట్టు శుభ్రంగా ఉన్నాయి, మనిషి మారలేదు.

చేత్తో చేసే పనికి ఫోటోషాపే కావాలని ఏం లేదు, గింప్ ఫ్రీ, ఫోటోపీ అయితే బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. కావాల్సినవి మూడు నాలుగు టూల్సే, హీలింగ్ బ్రష్, క్లోన్ స్టాంప్ (ఈ రెండూ పక్క భాగాన్ని తెచ్చి మచ్చ మీద కప్పేవి), కర్వ్స్ (వెలుగునీడలు సరిచేసేది), లేయర్ మాస్క్. ఎప్పుడూ కొత్త ఖాళీ లేయర్ (పొర) మీదే దిద్దండి, కింద అసలుది ముట్టుకోవద్దు, రేపు పెద్దమ్మ ఫోన్ చేస్తే వెనక్కి పోవడానికి దారి ఉండాలి.

పెళ్ళి ఫోటో సంగతి తొందరగా తేలిపోయింది. ఆ రోజుల కలర్ ప్రింట్లు ఆల్బంలో చీకట్లో ఉన్నా సరే సయాన్ (నీలి ఆకుపచ్చ) రంగు ముందు వెలిసిపోతుంది, మిగిలినవి ఉండిపోతాయి కాబట్టి ఎర్రగా కనిపిస్తాయి. రంగు పూర్తిగా పోలేదు, బలహీనపడింది అంతే, ఫోటోషాప్‌లో లెవెల్స్ అనే టూల్‌తో ఒక్కో ఛానెల్‌ని విడిగా సాగదీస్తే అమ్మ పట్టుచీర ఆకుపచ్చ మళ్ళీ కనపడింది, ఇంట్లో అందరూ కేకలు. దీనికి ఏఐ అక్కర్లేదు, వాడితే ఇంకా పాడవుతుంది. కాకపోతే ఎనభైల్లో తేనెపట్టు గళ్ళలా గరుకుగా ఉండే మ్యాట్ కాగితం ఒకటి ఫ్యాషన్, మీ ఇంట్లో కూడా ఉండే ఉంటాయి, స్కాన్ చేస్తే ఆ గళ్ళు మొహం నిండా పడతాయి. ఒకసారి మామూలుగా, ఒకసారి ఫోటోని తలకిందులుగా తిప్పి స్కాన్ చేసి, రెండోదాన్ని సరిచేసి ఒకదాని మీద ఒకటి సగం సగం కలిపితే చాలావరకు పోతాయి. స్కానర్ లైటు ఒక పక్క నుంచి పడుతుంది, తిప్పితే నీడ అటువైపుకి మారుతుంది, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

బ్లాక్ అండ్ వైట్‌కి రంగులు వేయించడం గురించి చాలామంది అడుగుతున్నారు. 2018లో డీఓల్డిఫై అనే రంగులేసే ఏఐ వచ్చినప్పట్నుంచీ ఇది పిల్లలాట అయిపోయింది, ఫోటోషాప్‌లో కూడా కలరైజ్ ఫిల్టర్ ఉంది. సరదాకి చేసుకోండి, ఫ్రేము కట్టించొద్దు. వంగపండు రంగు, ముదురాకుపచ్చ, ఎరుపు, మూడూ ఒకే బూడిద రంగుగా పడొచ్చు, అందులోంచి ఏది ఏదో మెషీన్‌కి తెలిసే దారే లేదు. పైగా పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు రంగు కనిపించదు, కుంకుమ బొట్టు కాటుక చుక్కలా నల్లగా పడుతుంది. రంగులు వెయ్యాల్సిందే అంటే ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడిగి వెయ్యండి. మా గ్రూప్ ఫోటోకి అడిగితే అమ్మమ్మ చీర రంగు మీద మా అమ్మకీ పెద్దమ్మకీ గొడవైంది, నలుపు తెలుపులోనే ఉంచేశాం.

ఇప్పుడు స్టూడియో. మొహాలు నా చేతకాలేదు, ముఖ్యంగా నీటి గీత సరిగ్గా ఇద్దరు పిల్లల గడ్డాల మీదుగా పోయింది. బందరులో ఒక పాత స్టూడియో ఉందని మావయ్య తీసుకెళ్ళాడు. బయట పాస్‌పోర్ట్ ఫోటోలు, జిరాక్స్ బోర్డు, లోపల షోకేసులో ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందు ఫిల్ము డబ్బాలు ఖాళీవి వరసగా పేర్చి ఉన్నాయి. ఆయనకి అరవై దాటాయి, కుర్రతనంలో నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసేవాడట, ఇప్పుడు ఏదో తాతలనాటి ఫోటోషాప్ వెర్షన్‌లో మౌస్‌తోనే చేస్తాడు. ఏఐ వాడరా అంటే "గోడలకి వాడతానమ్మా, మనుషులకి వాడను" అన్నాడు.

నాకు నచ్చింది ఆయన అడిగిన ప్రశ్నలు. మీ తాతయ్య బొట్టు నామమా, ఒక్క గీతేనా, వీళ్ళు అన్నదమ్ములా, ఇప్పుడు బతికున్నవాళ్ళెవరు, వాళ్ళ వేరే ఫోటో ఏదైనా ఉందా. గడ్డం పోయిన పిల్లాడు మా చిన్నమావయ్యే, ఆయన పదో తరగతి ఫోటో తెప్పించి పక్కన పెట్టుకుని గడ్డం దాన్ని చూసి కట్టాడు. ముత్తాత ఫోటో దగ్గరికొచ్చి భూతద్దం పెట్టి చూసి, "చెంపల మీద ఇవి ఫంగస్ కాదు, అమ్మవారు పోసిన మచ్చలు, ఉంచమంటారా తీసెయ్యమంటారా" అని అడిగాడు. నాకు అప్పటిదాకా ఆయనకి స్ఫోటకం వచ్చిందనే తెలీదు. ఇంటికి ఫోన్ చేస్తే పెద్దమ్మ అవును, చిన్నప్పుడే పోసిందట, అందుకే ఫోటో అంటే ఇష్టపడేవాడు కాదు అంది. నేను వాడిన ప్రతి యాప్ ఆ మచ్చల్ని అడక్కుండా నున్నగా చేసేసింది. ఉంచమన్నాం.

ఇందులో చెయ్యి చేసిన పని ఎంత, కన్ను చేసిన పని ఎంత అంటే నేను కన్నుకే ఎక్కువ మార్కులేస్తా. అదే ముత్తాత ఫోటోని గోడకి పెద్దది చెయ్యమంటే ఒప్పుకోలేదు కూడా, "ఇందులో ఉన్నది ఇంతే, పోస్ట్‌కార్డు సైజు దాటితే నేను కల్పించాలి" అన్నాడు. డబ్బులొచ్చే పని వద్దనుకోవడం నాకైతే ఆశ్చర్యమే.

మైనస్‌లు కూడా చెప్పాలి కదా. మొదటి ప్రూఫ్‌లో అందర్నీ తెల్లగా చేసేశాడు, అడక్కుండానే, ఇది మన స్టూడియోల పాత జబ్బు, పెళ్ళి ఆల్బంల దగ్గర్నుంచీ అంతే, తాతయ్య పొలంలో కాలిన రంగు పోయి పాలడబ్బా పిల్లాడిలా ఉన్నాడు. గట్టిగా చెప్తే మార్చాడు, కానీ మీరు ముందే "రంగు ముట్టుకోవద్దు" అని రాసివ్వండి. ఫోన్ ఎత్తడు. చెప్పిన టైముకి ఇవ్వడు, వాయిదాల మీద వాయిదాలు. ఫైలు అడిగితే ముందు జేపెగ్ ఇచ్చాడు, లేయర్లతో ఉన్న పీఎస్‌డీ కావాలంటే ఇంకో రెండొందలు తీసుకుని పెన్‌డ్రైవ్‌లో వేశాడు, ఆ డబ్బు దండగ కాదు, తీసుకోండి. గ్రూప్ ఫోటోకి 2500, ముత్తాత ఫోటోకి 800 అయ్యాయి, ప్రింటు, ఫ్రేము వేరే. యాప్ ఏడాది చందాతో చూస్తే ఎక్కువేం కాదు, ఏడాదికి ఎన్ని పాత ఫోటోలు బాగుచేయిస్తాం గనక.

ఒక్క విషయంలో మాత్రం ఫోన్ యాప్‌దే పైచేయి, అర్జెంటు పని. ఎవరైనా పోయినప్పుడు మర్నాటికల్లా ఫ్లెక్సీకి, పేపర్‌కి ఫోటో కావాలి, ఆధార్ కార్డు ఫోటో తప్ప చేతిలో ఏమీ ఉండదు, అప్పుడు ఈ విశ్లేషణలన్నీ ఎవడిక్కావాలి. అప్పుడు కూడా బొట్టు, మీసం, పుట్టుమచ్చ ఒకసారి చూసుకుని డిజైనర్‌కి ఇవ్వండి, అంతే.

రేటింగ్ అడిగితే, అప్‌స్కేల్‌కి అయిదుకి నాలుగున్నర, కోడ్‌ఫార్మర్‌కి స్లైడర్ పుణ్యాన నాలుగు, ఆ చందా యాప్‌కి రెండు, అదీ దాని స్పీడుకి. స్టూడియోకి నాలుగు, ఫోన్ ఎత్తితే అయిదు ఇచ్చేవాణ్ణి. మీ ఊళ్ళో కూడా ఇలాంటి ఆయన ఒకడు ఉండే ఉంటాడు, డిజిటల్ ల్యాబుల పక్క సందులో వెతకండి. వెళ్ళేటప్పుడు పెళ్ళిళ్ళ సీజన్‌లో వెళ్ళకండి, ఆల్బం పనుల్లో మీ మొహం కూడా చూడరు. మూఢంలో వెళ్ళండి, ఖాళీగా ఉంటారు, కూర్చోబెట్టి పని చేసిస్తారు, రేటు కూడా కొంచెం తగ్గుతుంది.